అమ్మకు అలీఫ్ నేర్పిన బీబీ

మా అమ్మ పట్టా పుచ్చుకున్న రోజు నేను ఆరో తరగతి చదువుతున్నాను. లోకంలో తల్లులు బిడ్డల పట్టాలు చూసి మురుస్తారు. మా ఇంట్లో అది తిరగబడింది. నేను కింద చాప మీద కూర్చున్నాను, మా అమ్మ తెల్లచీర కట్టుకుని వేదిక ఎక్కింది. ఈ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుందని మా ఇంట్లోవాళ్ళు ఎగతాళి చేస్తారు. పెరిగితే పెరగనీ, నాకేం సిగ్గు లేదు.

బోధన్ దాటి చెరకు తోటల్లోకి వెళ్ళే దారిలో ఆడవాళ్ళ కోసం బాప్టిస్టు మిషన్ వాళ్ళు పెట్టిన ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయం అది. మొదట ఒక రేకుల షెడ్డు, ఒక బావి, అంతేనట. మేము చేరేనాటికి రెండు పెంకుటిళ్ళు లేచాయి, రేకుల షెడ్డు వంటశాల అయింది. ఆ తర్వాత ఏటేటా ఏదో ఒక గోడ లేస్తూనే ఉండేది. ఒక పక్క పాఠం, ఇంకో పక్క మేస్త్రీ కేకలు. శిక్షణకు వచ్చిన ఆడవాళ్ళు పొద్దున ప్రార్థన కాగానే తలా ఒక తట్ట ఇసుక మోసి, కాళ్ళు కడుక్కుని తరగతిలోకి వెళ్ళేవాళ్ళు. మా అమ్మ పోయేదాకా ఆ ప్రార్థన మందిరం గోడలో తన ఇసుక ఉందని చెప్పుకునేది. ఇప్పుడక్కడ డిగ్రీలిచ్చే పెద్ద కళాశాల ఉంది. ఆ మధ్య వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవలు గావాలమ్మా?" అని అడిగాడు. గోడ చూడ్డానికి వచ్చానన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి లోపలికి పంపాడు.

మా నాన్న చక్కెర ఫ్యాక్టరీలో రసం కాగే బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. నాకు ఆయన ముఖం గుర్తు లేదు. జ్వరం వచ్చి పోయాడు. అమ్మది ముప్కాల్ దిక్కు. వాళ్ళు మెథడిస్టు కుటుంబం. పోచంపాడ్ దగ్గర ఆనకట్ట మాట ఇంకా ఎవరి నోటా లేని కాలంలో, వర్షాలు సరిగ్గా పడని ఒక ఏడు, మా తాత, అవ్వ చెరకు నరికే పనికి బోధన్ వచ్చారు. వచ్చినవాళ్ళు వెనక్కి పోలేదు. అమ్మ అప్పుడు చిన్నపిల్ల. పొలంలో కొడవలి పట్టే వయసు కాదు, ఇంట్లో ఒక్కదాన్ని వదిలే కాలమూ కాదు. అందుకని చెరకు బండ్లు తూచే కాంటా ముంషీ సాబ్ ఇంట్లో ఊయల ఊపడానికి పెట్టారు.

ముంషీ సాబ్ భార్యను ఊరంతా బీబీ అనేది. అమ్మా అట్లాగే పిలిచేది. ఆమె గడప దాటి బయటికి రాదు. వాకిలికి గోనెపట్టా తెర, లోపల చిన్న వాకిట్లో వేపచెట్టు, దాని కింద నులక గడంచె, గడంచె మీద తమలపాకుల పాన్‌దాన్. ఆ గడంచె మీద కూర్చునే తన పిల్లలకు ఉర్దూ అక్షరాల ఖాయిదా చెప్పేది. పిల్లలు పలకల మీద ఏడుస్తూ దిద్దుతుంటే, ఊయల తాడు లాగుతున్న మా అమ్మ కాలి బొటనవేలితో నేల మీద అవే గీతలు గీసేదట. బీబీ ఒకరోజు అది చూసింది. ఊయల తాడు తన చేతిలోకి తీసుకుని, ఉర్దూలో మొదటి అక్షరం, నిలువుగా ఒక్క గీత, గీసి పలక అమ్మ చేతిలో పెట్టింది.

"అలీఫ్ అంటె నిలబడ్డ మనిషి. గంతే. ముందుగాల నిలబడుడు నేర్సుకో" అందట.

ఆ మాట అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అన్నం పెడుతూ చెప్పేది, జడ వేస్తూ చెప్పేది. విని విని విసుగొచ్చి నేను "నిలబడ్డ, నిలబడ్డ, జడెయ్యి" అనేదాన్ని. ఇప్పుడు ఎవరైనా నా ముందు ఆ మాట అంటే బాగుండునని ఉంటుంది.

ఏడాది తిరిగేసరికి అమ్మ మసాలా పొట్లాలు విప్పి ఆ కాగితాలు చదవడం మొదలుపెట్టింది. అప్పటి బళ్ళు, కచేరీలు అన్నీ ఉర్దూలోనే. చెరకు నరికేవాళ్ళ పిల్ల ఉర్దూ చదువుతుందంటే వింత. తర్వాత రాజ్యం మారింది, భాష మారింది, దుకాణాల మీద బోర్డులు మారాయి. అమ్మ కష్టపడి నేర్చుకున్న చదువుకు ఆఫీసుల్లో విలువ లేకుండా పోయింది. నాన్న పోయాక, ఒళ్ళో నేను ఉండగా, మిషన్ పాస్టరయ్యగారు నడిపే రాత్రిబడిలో అమ్మ మళ్ళీ అ ఆల దగ్గర మొదలుపెట్టింది. ఒక భాషలో ఉత్తరాలు చదివే మనిషి ఇంకో భాషలో పలక పట్టుకుని చిన్నపిల్లల మధ్య కూర్చోవడం ఊహించండి. అమ్మకు అదేమీ చిన్నతనం అనిపించలేదు. ఏడో తరగతి పరీక్ష ప్యాసైంది. శిక్షణలో సీటు దొరికింది. వంటశాలలో పనిచేస్తే బిడ్డతో సహా హాస్టల్లో ఉండనిస్తామన్నారు. తెల్లారగట్ల జొన్నరొట్టెలు కొట్టి, పొద్దెక్కాక పాఠాలు విని, సాయంత్రం మళ్ళీ పప్పు కాచి, ఆ మధ్యలో నన్ను బడికి తయారుచేసి పంపేది. అలసిపోయాననే మాట నేనైతే ఆమె నోట వినలేదు. నాకు అలసట వస్తే మాత్రం ఊరంతా వినాల్సిందే.

విద్యాలయానికి అధిపతి నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక పెళ్ళి కాని పెద్దావిడ. అందరూ పెద్దమ్మగారు అనేవాళ్ళు. సన్నగా, నిట్టనిలువుగా, ఎప్పుడూ గంజిపెట్టిన చీరలో ఉండేది. ఆమె తెలుగు మా వాళ్ళకు మొదట్లో కొత్త, మా తెలుగు ఆమెకు మరీ కొత్త. అయినా ఎవరి ఊరి పేరు, ఎవరి ఇంట్లో ఎవరికి జబ్బు, అన్నీ ఆమెకు తెలుసు.

అమ్మ మొదటిసారి పిల్లల ముందు పాఠం చెప్పినరోజు జరిగింది హాస్టల్లో చాలాకాలం కథలుగా చెప్పుకున్నారు. అమ్మ సుద్దముక్క తీసుకుని నల్లబల్ల కుడి చివరకు నడిచి వెళ్ళి, అక్కడ చేయి ఎత్తి, రాయడానికి జాగా లేక ఆగిపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. వెనక కూర్చున్న పెద్దమ్మగారు "ఆ మూల నీకేం పనమ్మా?" అని అడిగింది. "చెయ్యి దానంతటదే వోయింది అమ్మగారూ" అంది అమ్మ. ఉర్దూ కుడి నుంచి కదా రాస్తారు. భయం వేసినప్పుడు అమ్మ చేయి మొదట నేర్చిన దిక్కుకే పోయేది. పుస్తకం కూడా వెనక అట్ట నుంచి తెరిచేది. ఆరోజు పెద్దమ్మగారు నవ్వలేదు, తిట్టలేదు. పాఠం అయ్యాక పిలిచి, ఉర్దూ ఎవరు నేర్పారని అడిగి, అంతా విని పంపింది.

ఇక పట్టాల రోజు సంగతి. ఆ విద్యాలయంలో పెద్దమ్మగారు పెట్టిన ఒక పద్ధతి ఉండేది. పట్టా తీసుకునే మనిషి వేదిక మీదికి ఒంటరిగా రాకూడదు. ఆమెకు మొట్టమొదట అక్షరం నేర్పినవాళ్ళు పక్కన రావాలి. పట్టాను ముందు వాళ్ళ చేతికిస్తారు. వాళ్ళు "ఈమెకు మొదటి అక్షరం నేను దిద్దించాను" అని సభలో అందరికీ వినబడేట్టు చెప్పి, తమ చేత్తో ఇవ్వాలి. ముసలి పంతుళ్ళు కర్ర పట్టుకుని వచ్చేవాళ్ళు. ఒకామె తన అన్నను తెచ్చుకుంది. ఇంకొకామె కోసం మెండోర నుంచి ఒక పాస్టరు భార్య బండి కట్టించుకుని వచ్చింది. ఆ ఒక్క మాట చెప్పడానికి వాళ్ళు కొత్త బట్టలు కట్టుకుని వచ్చి, సభ చివరిదాకా వినబడేట్టు చెబుతుంటే చూడాలి. ఇప్పటి కళాశాలలో నల్లగౌన్లు, టోపీలు వచ్చాయి. ఈ పద్ధతి పోయింది. నాకైతే గౌన్ల కన్నా అదే గొప్ప.

పట్టాల పండుగ దగ్గర పడ్డాక పెద్దమ్మగారు ఒక్కొక్కరినీ పిలిచి ఎవరొస్తున్నారని అడిగింది. అమ్మ వంతు వచ్చినప్పుడు నేను ఆమె కొంగు పట్టుకునే ఉన్నాను.

"బీబీని పిలుస్త అమ్మగారూ."

"ఆవిడ నేర్పింది ఉర్దూ కదా. నీకు తెలుగు నేర్పింది మన పాస్టరుగారు. ఆయన నీకోసం సిద్ధంగా ఉన్నారు."

అది నిజమే. పాస్టరయ్యగారు మంచి మనిషి. ఎవరూ అడగకముందే శాలువా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు. ఆ మాట బావి దగ్గర ఒకటి రెండుసార్లు గట్టిగా చెప్పి చూసుకోవడం నేనే విన్నాను.

"అయ్యగారంటె నాకు పానం అమ్మగారూ. గని ఆయన పెట్టింది రెండో అక్షరం. అక్షరమంటె ఏందో నాకు ఎర్కజేసింది బీబీ. నిలబడి అందరి ముంగట అబద్ధం చెప్పిచ్చి పట్టా తీస్కోమంటె నాతోని గాదు."

"ఆవిడ రాలేకపోతే?"

"ఒక్కదాన్నే ఎక్కుత."

"ఒక్కదానివి ఎక్కితే పట్టా ఇవ్వడం మా పద్ధతి కాదు, నీకు తెలుసు."

"తెలుసమ్మా" అంది అమ్మ. అని, అక్కడే నిలబడింది.  రెండేళ్ళు రొట్టెలు కొట్టి చదివిన చదువు ఇప్పుడు ఈ మొండితనంతో పోతుందేమో అనిపించింది. పట్టా ఉంటేనే అమ్మకు బడిలో ఉద్యోగం. లేకపోతే ఎప్పటికీ వంటశాలే. పెద్దమ్మగారు "అయితే ముందు వెళ్ళి అడిగి రా" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం బీబీ ఇంటికి వెళ్ళాం. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ చెరకు ఆడుతోంది. ఊరంతా బెల్లం పాకం వాసన, గొట్టంలోంచి నల్లటి మసి రేకులు గాలికి ఎగిరి నెత్తి మీద పడేవి. బీబీ నన్ను గడంచె మీద కూర్చోబెట్టి చేతిలో ఖర్జూరం పెట్టింది. అమ్మ చెప్పింది విని మొదట పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"తోబా! నీకు దిమాక్ ఉన్నదా పోరి? గన్ని మంది మొగోళ్ళ ముంగట నేనొచ్చి నిలబడాల్నా? నా మొఖమే గాదు, నా గొంతు గూడ బయటోళ్ళు ఇన్నది లేదు."

"ఎర్కనే బీబీ. రమ్మని జిద్దు జేస్తలేను. గని నీ జాగల ఇంకొకర్ని నిలబెట్ట. గది నీకు చెప్పి పోదామనే వచ్చిన."

"నిలబెట్టకుంటె నీ కాగితం ఇయ్యరంటివి గద?"

"ఇయ్యరు."

బీబీ పాన్‌దాన్ మూత తీసింది, మళ్ళీ పెట్టింది. ఆకుకు సున్నం రాయడం కూడా మరిచిపోయింది. "నీకు నిలబడుడు నేర్పిన గాని కూసునుడు నేర్పకపోతి" అంది చివరికి. ఆమె కళ్ళు తడిశాయి. 

ఈ ముడి విప్పింది పెద్దమ్మగారే. దానికి ముందు మా ప్రార్థన మందిరం గురించి చెప్పాలి. బాప్టిస్టులు పసిపిల్లల నెత్తిన నీళ్ళు చిలకరించరు. పెరిగి, తనకు తానే అడిగిన మనిషిని నిలువునా నీళ్ళలో ముంచి లేపుతారు. అందుకోసం వేదిక వెనకనే ఒక తొట్టి కట్టి ఉంటుంది, లోపలికి దిగడానికి మెట్లు ఉంటాయి. దానికి ముందు నీలం తెర. వెనకపక్క తడిబట్టలు మార్చుకునే గది, ఆ గదికి బయటి నుంచి వేరే తలుపు. పసిపిల్లలకే నీళ్ళు చిలకరించే మెథడిస్టు కుటుంబంలో పుట్టిన నాకు ఆ తొట్టి పెద్ద వింత. ఎప్పుడు సందు దొరికితే అప్పుడు తొంగి చూసేదాన్ని.

"వెనక తలుపు నుంచి వస్తుంది. తొట్టి మెట్ల మీద తెర అవతలే నిలబడుతుంది. ఆవిడను ఎవరూ చూడరు. చేయి ఒక్కటి ఇవతలికి ఇస్తే చాలు, మాట నేను చెబుతాను" అంది పెద్దమ్మగారు. అంతటి నియమాల మనిషి తన నియమాన్ని తనే అంత సుళువుగా వంచుతుందని ఎవరం అనుకోలేదు. అమ్మ వంగి ఆమె కాళ్ళు పట్టుకోబోతే "ఛ, ఇది కాదు మన పద్ధతి" అని విసుక్కుంది.

అమ్మ పోయి ఈ మాట చెప్పాక, పండుగకు ముందురోజు బీబీ ఆ జాగా చూసి పోదామని తెర కట్టిన రిక్షాలో వచ్చింది. చిక్కు అక్కడ వచ్చింది. పట్టాల పండుగ మర్నాడే కొత్త విశ్వాసులకు బాప్తిస్మాలు ఉన్నాయి. మా వాళ్ళు బావి నుంచి కడవలతో మోసి తొట్టిని అంచుదాకా నింపి పెట్టారు. బుర్ఖాలో ఉన్న ఒక ఆమె వెనక తలుపున దిగి, నిండు తొట్టి పక్కన నిలబడి, మెట్లెన్ని ఉన్నాయో చూడడం దారిన పోయే చెరకు బండ్లవాళ్ళ కంట పడింది. ఆ తలుపు నుంచి ఎవరు పోతారో, ఎందుకు పోతారో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ రిక్షా ముంషీ సాబ్ వాకిలి నుంచి వచ్చిందనీ తెలుసు. బండ్లు ఫ్యాక్టరీ కాంటా దగ్గర వరసలో నిలబడేసరికి మాట తయారైపోయింది. ముంషీ సాబ్ ఇంటామెను ఎల్లుండి మిషన్ వాళ్ళు ముంచుతున్నారట. ఆ మాట విన్నది ఎవరనుకున్నారు, కాంటా మీద బండి తూస్తున్న ముంషీ సాబే.

సాయంత్రం ఆయన మా మందిరానికి వచ్చాడు. ఎండలో కూడా షేర్వానీ, నెత్తిన రూమీ టోపీ. ఆయన వచ్చే సరికి లోపల పెద్ద హడావిడి. బీబీ నిలబడాలంటే తొట్టి ఖాళీ కావాలి కదా. అంత కష్టపడి నింపిన నీళ్ళు మళ్ళీ తోడిపోయడమా అని పాస్టరయ్యగారు బాధపడ్డాడు. "మల్ల మేమే నింపుతం అయ్యగారూ" అని ఆడవాళ్ళంతా కొంగులు దోపారు. అందరికన్నా ముందు చీర ఎగదోపి తొట్టిలోకి దిగింది పెద్దమ్మగారు. గంజిచీర మోకాళ్ళదాకా తడిసి, చేతిలో బిందెతో ఉన్న ఆమెకు ముంషీ సాబ్ ఎదురుపడ్డాడు. అందరం బిగుసుకుపోయాం.

"అమ్మా, బజార్ల ఒక మాట ఇన్న. నమ్మలేదు. గని నా కండ్లతోని సూసి పోదామని వచ్చిన" అన్నాడాయన.

"చూడండి సాయిబుగారూ. మీరు విన్న నీళ్ళు ఇవే. తోడేస్తున్నాం."

ఆయన తొట్టిలోకి వంగి చూశాడు. "గిండ్లనే ముంచుతరా మీరు?"

"ఇందులోనే. కానీ తమంతట తాము అడిగినవాళ్ళనే. అడగనివాళ్ళని ముంచితే అది మాకు బాప్తిస్మం కాదు, ఉత్త స్నానం."

ముంషీ సాబ్ మీసం కొద్దిగా కదిలింది. వెంటనే సర్దుకున్నాడు. అమ్మ వైపు తిరిగాడు. "బేటీ, పాస్టర్ సాబ్ పేరు చెప్తె నీ పని అయితది గద?"

"అయితది సాబ్. గని గది నిజం గాదు గద."

ఆయన తడి మెట్ల వైపు, ఆడవాళ్ళ చేతుల్లో బిందెల వైపు చూశాడు. "మా ఇంట్ల ఆడోళ్ళ గొంతు బయట ఇనరాదు. మా అమ్మ గొంతు గూడ బయటోళ్ళు ఇనలేదు. సోంచాయిస్త" అన్నాడు. పెద్దమ్మగారికి సలాం చేసి వెళ్ళిపోయాడు. ఆలోచిస్తానన్నాడంతే, బీబీ వస్తుందని కాదు, రాదని కాదు. అమ్మ బిందె తీసుకుని మళ్ళీ తొట్టిలోకి దిగింది.

పట్టాల రోజు మందిరం కిటకిటలాడింది. మసి పడుతుందని తెల్లచీరలన్నీ రాత్రంతా లోపలి గదుల్లోనే ఆరేశారు. హార్మోనియం మోగింది, కీర్తన పాడారు, వచ్చిన పెద్దమనిషి ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. ఆయన ఏం చెప్పాడో ఒక్క ముక్క కూడా నా చెవికెక్కలేదు. నా కళ్ళు నీలం తెర మీదే ఉన్నాయి. వెనక తలుపున రిక్షా వచ్చిందో లేదో మందిరంలో కూర్చున్న మాకు తెలిసే దారి లేదు. అమ్మకూ తెలియదు. పాస్టరయ్యగారు ముందు వరసలో శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ఏమో, అవసరం పడితే ఆదుకుందామని ఆయన ఆరాటం. మధ్యలో తలుపు దగ్గర గుసగుసలు లేచాయి. తిరిగి చూస్తే ముంషీ సాబ్. ఒక్కడే వచ్చాడు. అందరికన్నా వెనక బెంచీ మీద, టోపీ సవరించుకుని కూర్చున్నాడు. ఒక్కడే వచ్చాడంటే ఇక బీబీ రానట్టే అనుకున్నాను.

పేర్లు పిలవడం మొదలైంది. ఒక్కొక్కరు వెళ్ళారు, పక్కన వాళ్ళ గురువులు వెళ్ళారు, చప్పట్లు మోగాయి. అమ్మ పేరు పిలిచారు. అమ్మ లేచింది. పక్కన ఎవరూ లేరు.  అమ్మ వేదిక ఎక్కి, పెద్దమనుషుల ముందు నుంచి నడిచి, తెర దగ్గర నిలబడి, చేయి చాచింది.

తెర కదల్లేదు.

అమ్మ చేయి అట్లాగే ఉంది. ముందు వరసలో పాస్టరయ్యగారు సగం లేచాడు. పెద్దమ్మగారు అరచేయి చూపించి ఆయన్ను కూర్చోబెట్టింది. తర్వాత చేతిలో పట్టాతో ఆమె కూడా తెర పక్కకు వచ్చి అమ్మ పక్కన నిలబడింది. అంత పెద్ద సభను ఎదురుచూడమని చెప్పిన మనిషిని నేను మళ్ళీ ఇంకొకరిని చూడలేదు. ఆ ఇద్దరూ అట్లా నిలబడి ఉంటే, పట్టా రాకపోయినా మా అమ్మ గొప్పదే అని నేను గట్టిగా అనుకున్నాను. అనుకుంటూనే ఏడుస్తున్నాను.

తెర సందులోంచి మోచేతిదాకా ఆకుపచ్చ గాజులున్న ఒక చేయి బయటికి వచ్చింది. గోరింటాకు పెట్టుకున్న చేయి.  పెద్దమ్మగారు పట్టాను ఆ చేతిలో పెట్టింది. ఆ చేయి దాన్ని అమ్మ చేతికి అందించింది. మాట తను చెప్పడానికి పెద్దమ్మగారు సభ వైపు తిరిగింది. అంతలో తెర అవతల నుంచి ఏదో సన్నగా వినిపించింది. పెద్దమ్మగారు మళ్ళీ తెర వైపు తిరిగింది.

ముందు వరసలో ఉన్నవాళ్ళకే ఆ గొంతు సరిగ్గా అందలేదు. అందకపోయినా అది ఎవరి గొంతో అందరికీ తెలిసింది. తలలన్నీ ఒక్కసారిగా వెనక బెంచీ వైపు తిరిగాయి. ముంషీ సాబ్ లేచి నిలబడ్డాడు. ఇక వెళ్ళిపోతాడు, ఆమెను కూడా తీసుకుపోతాడు అనుకున్నాను. నా పక్కన కూర్చున్న ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది.

"అజీ, జర జోర్‌గ చెప్పుండ్రి" అన్నాడు ఆయన. "ఎన్క కూసున్నోళ్ళకు ఇనస్తలేదు."

తెర అవతల గొంతు సవరించుకున్న చప్పుడైంది. ఆ తర్వాత బీబీ మాట మందిరం చివరి గోడదాకా వినబడింది.

"గీ పోరికి మొదటి అక్షరం నేను దిద్దిచ్చిన. మిగిలినయన్ని అదే సదువుకున్నది."

చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. అమ్మ పట్టాను చంకలో పెట్టుకుని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది, వదల్లేదు. తర్వాతి పేరు పిలవడానికి పెద్దమ్మగారు కూడా తొందరపడలేదు.